తొణకని నడక

ఇంట్లో ఉలవలు ఉడికే వాసన వస్తే చాలు, నాకు ఒక బూడిదరంగు ఆడగుర్రం, దాని పక్కన ఒక పొట్టి మనిషి కనిపిస్తారు. ఒకసారి నోరు జారి ఈ సంగతి మా ఆవిడతో అన్నాను. తన ఉలవచారును గుర్రపు దాణాతో పోల్చానని నెల్లాళ్ళు నాకు అన్నం పెట్టలేదు. సరే, నెల్లాళ్ళు కాదు, ఒక పూట. ఇవాళ కూడా వంటింట్లోంచి అదే వాసన వస్తోంది. నోరు మూసుకుని ఇక్కడ కూర్చుని రాసుకుంటున్నాను.

ఆ మనిషి పేరు సోంబర. పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మశూచికి టీకాలు వేసే ఉద్యోగం మీద నేను మైదానం నుంచి హుకుంపేట వైపు కొండల్లోకి వెళ్ళాను. టీకా మందు సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. వాటిని తడిగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, గూడెం గూడేనికీ మోసుకుపోవాలి. బళ్ళు పోయే దారి లేదు కనుక రెండు కొండ గుర్రాలను, వాటిని చూసుకునే సోంబరను నాకు అప్పగించారు. ఒకటి ఎర్రది, మగది. ఆకు కదిలితే చాలు ఎగిరి దూకేది. రెండోది ఈ బూడిదరంగుది. నడకకూ పరుగుకూ మధ్యన, చిన్న చిన్న అంగలతో, చాప మీద పిల్లి పోతున్నట్టు పోయేది. మా అమ్మమ్మ పెంచిన కోడిపుంజు ఇంతకంటే జోరుగా పోయేదని, దాన్నెక్కి నేను రాజాం సంతకు వెళ్ళేవాణ్ణని సోంబరతో చెప్పాను. అతను నవ్వలేదు. కోడికి జీను ఎవరు కుట్టారని మాత్రం అడిగాడు.

ఆ మర్నాడు అతను ఎండిన ఆనపకాయ బుర్రను చోడిపిండి అంబలితో అంచుదాకా నింపి, మూత పెట్టకుండా చేత్తో పట్టుకుని బూడిదరంగుదాన్ని ఎక్కాడు. రాళ్ళ దారిన మిట్ట మీదికి పోయి తిరిగొచ్చాడు. చుక్క ఒలకలేదు. తర్వాత బుర్ర నా చేతికిచ్చి ఎర్రదాన్ని ఎక్కమన్నాడు. మిట్ట సగం ఎక్కేసరికి అంబలంతా నా చొక్కా తాగేసింది. కట్టెలు మోసుకొస్తున్న ఆడవాళ్ళు మోపులు దించి మరీ నవ్వారు.

"బలం సాలని గుర్రమే పరిగెడతాది బాబూ," అన్నాడు సోంబర. "మిట్టంటే దానికి బయం. బేగి గట్టెక్కేద్దామని సూత్తాది. బలమున్నదానికి తొందరేటి?"

అంగను అణిచిపెట్టి, వీపు కుదపకుండా పోవాలంటే గుర్రానికి నడుమూ తొడలూ ఎంత గట్టిగా ఉండాలో నా చేత తడిమించి చూపించాడు. దాన్ని అలా తయారుచెయ్యడానికి అతనికి నాలుగేళ్ళు పట్టిందట. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

ఆ వేసవిలో ముంచింగిపుట్టు అవతల ఒక గూడెంలో మశూచి వచ్చింది. అలాంటప్పుడు అక్కడివాళ్ళు దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి, తొమ్మిది రోజులు ఎవరినీ రానివ్వరు, పోనివ్వరు. ఆ గూడెం పెద్ద మాత్రం ఎలాగో ఒక మాటకు ఒప్పుకున్నాడు: పొద్దు నడినెత్తికి వచ్చేలోగా చేరితే పిల్లలకు టీకాలు వెయ్యవచ్చు, దాటితే కంప వేసేస్తారు. ఆ కబురు మాకు అందేసరికి తెల్లవారింది. నేను మందు పెట్టెను ఎర్రదాని మీద కట్టేశాను. సోంబర అడ్డం నిలబడ్డాడు. నేను వినేలా లేనని తేలాక, సగం గొట్టాలు తనకిమ్మని పట్టుబట్టి తీసుకున్నాడు.

ఎర్రది మొదటి కొండను గాలిలా ఎక్కింది. సోంబర కంటే ఎంత ముందు చేరానో సంతలో ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను కూడా. రెండో కొండ సగంలో అది నురగలు కక్కుతూ ఆగిపోయింది. దిగి పెట్టె తెరిచాను. తడిగుడ్డలో గాజు పొడి తప్ప ఏమీ మిగలలేదు. పగ్గం పట్టుకుని దాన్ని ఈడ్చుకుపోతుంటే వెనక నుంచి డెక్కల చప్పుడు వినిపించింది, పొద్దున ఎలా బయలుదేరిందో అలాగే. సోంబర దిగాడు. టీకా వెయ్యడం వచ్చినవాణ్ణి నేనే కనుక నన్ను బూడిదరంగుదాని మీద ఎక్కించి, తన దగ్గరి గొట్టాల మూట నా ఒళ్ళో పెట్టాడు.

"డొక్కలో తన్నకు. పగ్గం లాగకు. ఊరికే కూకో. ఎలా పోవాలో దానికి ఎరుక."

ఊరికే కూర్చోవడం కంటే కష్టమైన పని నేను జన్మలో చెయ్యలేదు. పొద్దు పైకి పాకుతున్నకొద్దీ నా మడమలు దురద పెట్టాయి. అది మాత్రం ఏటవాలు ఎక్కుతున్నా, రాళ్ళ మీద దిగుతున్నా అంగ మార్చలేదు. మేము చేరేసరికి ఇద్దరు మనుషులు కంపను దారి మీదికి లాగుతున్నారు. మూటలో ఒక్క గొట్టమూ పగల్లేదు.

ఆ మందు సగం మంది పిల్లలకు వచ్చింది. మిగిలిన పదకొండు మందినీ వాళ్ళ తల్లులు వెనక్కి తీసుకుపోయారు. తక్కిన మందు ఏమైందని పెద్ద అడిగితే, పులి అడ్డం వచ్చిందని, గుర్రం బెదిరి పెట్టెను పడేసిందని చెప్పాను. పులి తోక పొడుగు కూడా చెప్పాను. అప్పటికి నడిచి వచ్చి చేరిన సోంబర, కంప అవతల నిలబడి అంతా విన్నాడు. నన్ను బయటికి పంపి దారి మూసేశారు.

కంప తీసిన రోజున కొత్త మందుతో ఇద్దరం వెళ్ళాం. పదకొండు మందిలో తొమ్మిది మంది చేతులు చాపారు. మశూచితో పోయిన తక్కిన ఇద్దరి ఇళ్ళు ఏవో పెద్ద చూపించాడు. పని అవగానే బూడిదరంగుదాన్ని ఎక్కి, డొక్కలో తన్ని, ఆ గూడెం దాటేద్దామనుకున్నాను. సోంబర కళ్ళెం పట్టుకున్నాడు.

"పరిగెట్టకు," అన్నాడు. "ఆ ఇళ్ళ కాడికి మెల్లిగా పోదాం. పులి నేదని నువ్వే సెప్పు."

యాభై అడుగుల దారి అది. గుర్రం తన మామూలు నడకే నడిచింది. మొదటి గుమ్మం ముందు దిగి, పులి రాలేదని, గుర్రాన్ని పరిగెట్టించి మందు పాడుచేసింది నేనేనని చెప్పాను. ఆ తల్లి వెనక్కి తిరిగి లోపలికి పోయింది. తర్వాత రెండో ఇంటికి వెళ్ళాను.

కథలు చెప్పడం నేను మానలేదు, మానలేను కూడా. కానీ తప్పు నాదైన చోటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు మాత్రం మెల్లిగా నడుస్తాను, తిన్నగా ఆ గుమ్మం దాకా. ధైర్యం చాలక కాళ్ళీడుస్తున్నాడని చూసేవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ.