ఆ నీళ్లు ఎందుకు కాచాలి?

మేడం పోయారన్న కబురు నాకు మా జూనియరే చెప్పింది. పొద్దున్నే ఫోన్ చేసి "అక్కా, మేడం లేరక్కా" అని ఏడ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇంటివాళ్లు మొదట దీనికెందుకు చెప్పారు, నాకెందుకు చెప్పలేదు అనిపించింది.

సిద్దిపేటలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చెప్పే కాలేజీ మాది. రక్తపరీక్షల ల్యాబంతా మేడం చేతిమీద నడిచేది. మా ఇద్దరికీ పని నేర్పింది ఆమే. ఆమెకు ముందున్న సారు వదిలివెళ్లిన పద్ధతుల్లోనే మేమూ పరీక్షలు చేసేవాళ్లం. చేస్తూ ఉంటే మేడం చప్పుడు లేకుండా వెనక్కి వచ్చి నిలబడేవారు.

"ఇప్పుడు చేసింది ఎందుకు చేసినవే?"

"సారు ఉన్నప్పటి సంది గిట్లనే చేస్తున్నం గద మేడం."

"సారును అడుగుతలేను. నిన్ను అడుగుతున్న."

స్లైడు మీద పూసిన రక్తానికి రంగు పోశాక డిస్టిల్డ్ వాటర్ కలుపుతాం. ఆ నీళ్లను ముందే కాచి, మూతపెట్టి చల్లార్చాలన్నది సారు కాలపు పద్ధతి. ఎందుకని అడిగితే, క్రిములు చావడానికన్నాను. "చస్తే ఏం లాభం? స్లైడు కడిగి తాగుతమా?" అన్నారు. అందరూ నవ్వారు, జూనియర్ కూడా. జవాబు మాత్రం చెప్పలేదు.

మర్నాడు అదే సంగతి జూనియర్ అడిగితే కుర్చీ దగ్గరికి లాక్కుని, తెచ్చుకున్న సర్వపిండిలో కరకరలాడే అంచుముక్క దాని చేతిలో పెట్టి మరీ చెప్పారు. నేను అవతల గాజుసామాను కడుగుతున్నాను. ఆ మాటలు నా చెవిన పడకూడదని నల్లా పెద్దగా తిప్పాను. నాకు చెప్పని జవాబు చాటుగా వినేంత ఖర్మ నాకు పట్టలేదనుకున్నాను.

తర్వాత నేనే కాచిన నీళ్లతో కొన్ని స్లైడ్లు, కాచకుండా మూత తీసి ఉంచిన నీళ్లతో కొన్ని చేసి చూశాను. రెండో రకంలో ఎర్రకణాలు మరీ ఎర్రబారి, తెల్లకణాల మధ్యభాగాలు వెలవెలబోయాయి. పీహెచ్ కాగితం ముంచితే ఆ నీళ్లకు ఆమ్లగుణం వచ్చిందని తేలింది. పుస్తకాలు తిరగేస్తే కారణం దొరికింది. ఎగిరి గంతేసినంత పనిచేసి మేడం గదికి పరిగెత్తాను.

"క్రిముల కోసం కాదు మేడం! నీళ్లు గాలిలకెళ్లి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటయి. కాస్తే అది పోతది, రంగు సక్కగ పడ్తది."

మేడం కళ్లజోడు తీసి నన్ను చాలాసేపు చూశారు. "ఊఁ. మరి మూతెందుకు?" అన్నారు.

"మళ్ల పీల్చుకోకుండ" అన్నాను. తలూపి తన పనిలో పడ్డారు. అంతే. అదే జూనియరైతే "శభాష్ బిడ్డా" అనేవారు. ఆ 'బిడ్డా' కోసం నేను ఎన్ని పద్ధతుల లోతు తవ్వానో నాకే తెలుసు. ఈరోజు ఏ విద్యార్థి ఏం అడిగినా తడుముకోకుండా చెప్పగలుగుతున్నానంటే అది ఆమె పుణ్యమే. అయినా ఆ మాట దక్కలేదన్న కడుపుమంట చల్లారలేదు.

వాళ్లింటికి వెళ్లేసరికి జూనియర్ ఇంటి ఆడపిల్లలాగా వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తోంది. అదీ చూడలేకపోయాను. కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఓసారి అడిగిన అక్కా, నాకు అన్నీ చెప్తరు, అక్కకెందుకు చెప్పరని. 'నీకు చెప్పకుంటే ఊకుంటవ్. అది ఊకోదు. కనుక్కొని ఉరికొస్తది చూడు, గప్పుడు దాని మొఖం జూడాలె నాకు' అన్నరు. ఆ రోజు నీ మీద నాకెంత కుళ్లు పుట్టిందో!"

నాకు అప్పుడొచ్చింది ఏడుపు. ఏడుస్తూనే ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నేను వినాలని తపించిన ఆ ఒక్క మాటనూ మేడం దానికే చెప్పారు.

లేచి లోపలికి వెళ్లి మేడం ముందు నిలబడ్డాను. నన్ను చూసి ఏదీ అడగకుండా ఆ ముఖం అలా ఉండటం అదే మొదటిసారి.