చేపల కంపుకి కూసిన మీటరు

ఆ మీటరు తలపుకొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. గుడివాడ నుంచి రోజూ బస్సెక్కి బందరు వచ్చి, ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. ఆపరేషన్ అయినవాళ్లకి వరసగా కుట్ల దగ్గర చీము పడుతోంది. మంచాలూ, బల్లలూ, సిబ్బంది చేతులూ అన్నీ పరీక్ష చెయ్యమన్నారు.

నా పద్ధతి పాతది. క్రిములు పెరగడానికి మేత పోసిన ప్లేటు మీద చెయ్యి అద్దించి, వెచ్చగా ఉంచి ఆగితే, ఏ క్రిమి ఉందో అదే పెరిగి కనిపిస్తుంది. మా మేనేజరుకి ఆగే ఓపిక ఏదీ! కొత్తగా మీటరు కొన్నాడు. దూదిపుల్లతో తుడిచి అందులో పెడితే క్షణాల్లో అంకె వస్తుంది, ఎక్కువైతే కూత పెడుతుంది. బతికున్న క్రిమికీ తిండి మరకకీ దానికి తేడా తెలీదు మహానుభావా అని మొత్తుకున్నాను. వింటేగా!

ఆపరేషన్ థియేటర్ తుడిచే ఆయాది బందరు పక్కన జాలర్లుండే గిలకలదిండి. పొద్దున్నే చెరువు చేపలు కోసి, కూర వండి పెట్టి వస్తుంది. ఆవిడ గోళ్ల సందున పుల్ల పెట్టగానే మీటరు కూసింది. "నేను ముందే అన్నానా, ఆ కంపేంటో!" అని మేనేజరు ముక్కు మూసుకున్నాడు.

"సబ్బుతోనే కడిగానండీ, పిల్లల మీద ఒట్టు," అందావిడ.

ఆ పూటే పనిలోంచి తీసేశారు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు, మొగుడి పడవ ఒడ్డునే ఉంది. ఆ ఇంటికి ఈవిడ జీతమే ఆధారం.

తర్వాత నా ప్లేట్లలో క్రిములు పెరిగాయి. ఆవిడ ప్లేటులో అందరి చర్మం మీదా ఉండేవే, అవీ ఏవో కాసిని చుక్కలు. చీములో దొరికిన క్రిమి మాత్రం సర్జన్ గారి ప్లేటులో దట్టంగా పరుచుకుంది. మణికట్టుకి గుడిలో కట్టించుకున్న ఎర్రదారం అద్దిన చోట మరీను. రంగు వెలిసి, జిడ్డు పట్టి, ఎన్నాళ్లదో అది. ఆపరేషన్ ముందు చేతులు కడిగేటప్పుడు కూడా తియ్యడు.

"దేవుడి దారమండీ, దీనికి మైలేంటి?" అని నవ్వాడాయన. ఛీ, నవ్వు కూడానా!

ఆయాని వెనక్కి పిలవమని మేనేజరు గదికెళ్లి అరిచాను. "మీ ప్లేట్లే తారుమారయ్యుంటాయి," అన్నాడు. "మీ చేతులకీ మీటరు పెట్టమంటారా మేడమ్?"

చేతులు రెండూ బల్ల మీద చాపాను. "పెట్టండి. పొద్దున నేనూ రొయ్యలు ఒలిచే వచ్చాను."

పెట్టలేదు. మీటరు తీసి సొరుగులో పడేశాడు. ఆ దారం తెంపించనూ లేదు, ఆయాని పిలవనూ లేదు.