పోటు చూసి ఆడే జట్టు

మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు లీగ్‌లో చేరాలా, ఇన్నాళ్లలాగే విడిగా ఉండాలా అని మీటింగు పెట్టినప్పుడు, చేరాలని అందరికంటే ముందు చెయ్యెత్తింది కోచ్. వార్త రాయడానికి వెళ్లిన నేను ఆయన వద్దంటాడనే అనుకున్నాను.

ఏ లీగ్‌లోనూ లేని ఆ జట్టుకు ప్రత్యర్థులను ఆయనే వెతికి తెచ్చేవాడు. వాళ్లలో ఆయనకు బాగా ఇష్టమైనది దగ్గర్లోని హుటాన్ మెలింటాంగ్ ఊరి జాలర్ల జట్టు. సముద్రపు పోటును బట్టి వేటకు వెళ్లకుండా పడవలు ఒడ్డున ఉన్న రోజే వాళ్లకు ఆట. అందుకే మ్యాచ్ ఎప్పుడని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే: "పోటు సూసి సెప్తాను." ఆ మాట అని, వేటకు తానే బయల్దేరుతున్నట్టు ఆకాశం వంక చూసేవాడు.

లీగ్‌లో తేదీలు ముందే ఖాయమైపోతాయి. బయటి జట్లతో ఆడాలంటే అనుమతి కావాలి. కానీ రాష్ట్ర జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసేవాళ్లు లీగ్ మ్యాచ్‌లకే వస్తారు.

మీటింగయ్యాక కెప్టెన్ ఆయన దగ్గరికి వచ్చి, అక్కడి అలవాటుగా మాట చివర ‘లా’ చేరుస్తూ అడిగాడు.

"ఏటి సార్, మీరే సెయ్యెత్తినారు? జాలరోళ్లు కోప్పడతారు లా."

"తిట్టేది నన్నే కదరా, తిట్టనీ. ఎన్నాళ్లని పడవలోళ్ల మీదే గోల్స్ కొడతావు? సూసేవోళ్ల ముందు ఆడు."

నవ్వుతూనే అన్నాడు గానీ, బూట్ల లేసులు విప్పుతూ వంచిన తల చాలాసేపు ఎత్తలేదు.

జట్టు లీగ్‌లో చేరింది. జాలర్లతో ఏడాదికి ఒక్క మ్యాచ్‌కైనా అనుమతించమని ఆయన లీగ్ వాళ్లను అడిగాడు. ఇంతవరకూ వాళ్లు అవుననలేదు, కాదనలేదు.