కాక్‌పిట్లో మూడో గొంతు

దయ్యాలున్నాయని ఎవరన్నా అంటే మొహం మీదే నవ్వేవాణ్ణి. మాది ఉదయగిరి. కోట కొండ కిందే పెరిగాను. ఆ పాడు గోడల్లో ఏవో తిరుగుతాయన్న కథలు విని విని చెవులు చిల్లులు పడ్డాయి, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది చెబుతాను, అంతే.

నేను విమానంలో కో-పైలట్‌ని. బయల్దేరే ముందు కెప్టెన్ కో-పైలట్‌తో కాసేపు మాట్లాడాలి. ఎవరి పని ఏమిటి, తేడా వస్తే ఏం చేయాలి, అన్నీ అప్పుడే తేల్చుకుంటాం. మంచి కెప్టెన్లు చివర్లో ఒక మాట తప్పకుండా అంటారు. నా తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పు అని.

ఒక పొద్దున నాతో వచ్చిన కెప్టెన్‌ది ఆత్మకూరు. అక్కడ వాళ్ల కుటుంబం మాటకు ఎదురులేదు. నాది ఉదయగిరి అని తెలియగానే ఇంగ్లీషు పక్కన పెట్టేశాడు.

"ఏందిరా, చెక్క గరిటెలు చెక్కేవాళ్ల పిల్లోడివా? అడిగిందానికి జవాబు చెప్పు. అంతకుమించి నోరు తెరవబాక."

అదీ ఆయన చేసిన బ్రీఫింగ్. మా నాయన ఆ గరిటెలు చెక్కే నన్ను చదివించాడు. అయినా నేను ఎదురు చెప్పకుండా "అట్నే సార్" అన్నాను. అలాంటి ఇళ్ల ముందు మా పెద్దవాళ్లు భుజం మీది తువ్వాలు తీసి నిలబడేవారు. నేనూ అలాగే నిలబడ్డాను, అదీ కాక్‌పిట్లో, ఆయన భుజం మీద నాలుగు పట్టీలుంటే మూడు పట్టీలున్న యూనిఫాం వేసుకుని. ఛీ!

దిగబోయే ఊళ్లో కుండపోత వాన. ఫలానా ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే కనిపించకపోతే మళ్లీ పైకి లేపెయ్యాలన్నది నియమం. ఆ ఎత్తు వచ్చింది. అద్దంలో తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. ఆయన దించుతూనే ఉన్నాడు. లేపమని చెప్పడం నా పని. వెనక నూట యాభై మంది ఉన్నారు. నేను ఎత్తు చూపే అంకెల వైపే చూస్తూ కూర్చున్నాను.

"లేపురా పైకి!"

ఆడ గొంతు. మా వైపు యాస. హెడ్‌సెట్లోంచి కాదు, నా చెవి వెనకనుంచి. వెనక సీటు ఖాళీగా ఉంది, తలుపు గడియ వేసే ఉంది.

"ఎవురా అది?" అంటూనే ఆయన విమానం పైకి లేపాడు. వాన తగ్గాక క్షేమంగా దిగాం.

నియమం దాటి కిందికి వెళ్లినందుకు కంపెనీ విచారణ పెట్టింది. కాక్‌పిట్లో మాటల రికార్డింగు వినిపించారు. ఇంజిన్ల హోరు, తర్వాత ఆయన "ఎవురా అది?". దానికి ముందు ఆడ గొంతు లేదు. నా గొంతూ లేదు. ఆయన మాత్రం కళ్లార్పకుండా, ఏదో అలికిడి అనుకున్నానని, ఎవరూ చెప్పకుండా తనే విమానం లేపానని చెప్పాడు.

బయట వరండాలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, ఆమె ఎవురో నీకు తెలుసునా?"

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. రికార్డింగులో ఎందుకు లేదో కూడా చెప్పలేను. నేను అనాల్సిన మాట ఆమెవరో అనాల్సి వచ్చింది. ఆ గొంతంటే భయం ఎప్పుడో పోయింది, నామీద రోత మాత్రం పోలేదు.