కొత్త ప్రాసెసర్ వద్దన్న మా దాసు

నిన్న పొద్దున్నే దాసు భార్య సలోమి ఫోన్.

"అన్నయ్యా, మీ మావ లెగట్లేదు" అంది. అంతే. ఆ తర్వాత ఏడుపే.

పలాస నుంచి కవిటి దాకా బండి ఎలా నడిపానో గుర్తు లేదు. వెళ్లేసరికి డయాలసిస్‌కి తీసుకెళ్లాల్సిన ఆటో వాళ్ల గుమ్మం ముందు ఆగి ఉంది. డ్రైవర్ ఇంజన్ ఆపేసి, చెప్పులు విప్పి, పక్కన నిలబడ్డాడు.

ఇంక లోపలికి వెళ్లక్కర్లేకుండానే తెలిసిపోయింది.

మా ప్రభుదాస్ లేడు. మా బాప్టిస్టు చర్చిలో లీడ్ గిటార్. సోంపేటలో మోటార్లు బాగుచేసే దాసు. నా చేతికి రిథమ్ గిటార్ ఇచ్చి, స్ట్రింగ్ తెగితే అందరి ముందూ నన్ను తిట్టిపోసే నా మావ.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. దాసు దగ్గర ఒక ఆంప్ మోడలర్ ఉండేది. మేమంతా ప్రాసెసర్ అంటాం. కాలితో నొక్కే చిన్న మెషిన్. పెద్ద పెద్ద ఆంప్ స్పీకర్ల సౌండ్ అందులోంచే వస్తుంది. ఒక్కో పాటకి ఒక్కో సౌండ్ తయారుచేసి సేవ్ చేసుకుంటాం. దాన్ని ప్యాచ్ అంటాం.

వాడి ప్యాచ్‌లలో ఒకటి సమాధి కూడికలది. మెత్తగా, కాస్త దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. కిడ్నీలు పాడై మనిషి వెళ్లిపోయిన ప్రతి ఇంటి ముందూ వాడు అదే పెట్టేవాడు. ఉద్దానంలో ఆ ప్యాచ్‌కి సెలవు దొరకదు మరి.

రాను రాను ఏమైందంటే, ఆ సౌండ్ వినబడితే చాలు, ఎవరో పోయారని వీధిలోవాళ్లు బయటికి వచ్చేసేవాళ్లు.

ఒకసారి మధ్యాహ్నం పూట వాడు ఇంట్లో వైరు మార్చి, ఆ ప్యాచ్ మీదే చెక్ చేస్తున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఎదురింటి అప్పాయమ్మ గారు అన్నం తింటున్న చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చేసింది.

"ఎవులు నాయనా?"

"ఎవులూ కాదు పిన్నీ. వైరు సూత్తన్నాను."

"అయితే ఆపీ. దాన్ని ఊరికే పిలవకు."

మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

ఆ రోజు నుంచి దాసు ఆ ప్యాచ్‌ని హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చూసుకునేవాడు.

మొన్న ఎండాకాలంలో అదే మెషిన్‌ని మార్చి, కంపెనీవాళ్లు కొత్త వెర్షన్ వదిలారు. ఇంక మావాడికి నిలకడ లేదు. లేస్తే వీడియోలు, కూర్చుంటే వీడియోలు.

సోంపేట టీ కొట్టు దగ్గర ఫోన్‌లో నాకు అదే చూపిస్తున్నాడు. నేను వాడి కాళ్లు చూస్తున్నాను. మా వైపు ఎవరు కలిసినా మొహం కంటే ముందు పాదాలు చూస్తాం. వాడి పాదాలు పొంగి ఉన్నాయి. చెప్పు పట్టీ చర్మంలోకి దిగిపోయింది.

"టెస్టుకి యెల్లేవా?" అన్నాను.

"ముందు ఇది సెప్పు మావా. పాతది అమ్మీసి కొత్తది తీసీసుకోమంతావేటి?"

టెస్ట్ మాటెత్తితే చాలు, ఇదే గోల. కొత్తది టక్కున ఆన్ అవుతుంది. గిటార్ గరగరలాడే డిస్టార్షన్ అచ్చం నిజం ఆంప్‌లా ఉంటుంది. కానీ పాత ప్యాచ్‌లు అందులోకి ఎక్కిస్తే అలాగే పలకవు, అన్నీ మళ్లీ చెవితో కట్టుకోవాలి. తీసుకుందామా, వద్దా. వద్దా, తీసుకుందామా. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి సలోమి లాక్కెళ్లి టెస్ట్ చేయించింది.

క్రియాటినిన్ ఎంతొచ్చిందో వాడు మాకు చెప్పలేదు. మా ఊళ్లలో నంబర్ బాగుంటే వీధంతా చెప్పుకుంటారు. చెప్పలేదంటే ఇంక ఎవరూ అడగరు.

అప్పటి నుంచి నేనే వెంటపడ్డాను. కొత్తది తీసుకో మావా, క్రిస్మస్‌కి దాని మీదే వాయిద్దువు గాని అని. నాకు కావాల్సింది ప్రాసెసర్ కాదు. క్రిస్మస్ దాకా ఉంటానని వాడి నోటితో వినాలి. కొత్తదానికి సరే అంటే, ఉంటానన్నట్టే కదా.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, నన్ను పుల్పిట్ పక్కన కూర్చోబెట్టాడు.

"కొత్తది వద్దులే మావా."

"ఏం?"

"దీంట్లో సమాధి ప్యాచ్ ఎక్కడుందో నీకు తెలుసు. కొత్తదాంట్లో ఆ సౌండు నువ్వు కట్టలేవు."

"నువ్వుండగా నేనెందుకు కడతాను? నాకేటి పని?"

దాసు వంగి, నా కాలు పట్టుకుని స్విచ్ మీద పెట్టాడు. "నొక్కు" అన్నాడు.

ఫ్యాన్లు ఆపేసిన ఖాళీ చర్చిలో ఆ సౌండ్ వచ్చింది. కిటికీ అవతల దారిన పోతున్న ఎవరో ఆగారు.

"ఎవులు?"

"ఎవులూ కాదు. నేర్పుతన్నాను" అన్నాడు దాసు.

నాకు అప్పుడే వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. ఏడవలేదు. ఇప్పుడు ఈ పోస్ట్ టైప్ చేస్తూ ఏడుస్తున్నాను.

ఇవాళ పొద్దున సమాధి కూడిక. వాళ్లింటి ముందే టెంటు వేశారు. దాసు గిటార్ నా మెడలో ఉంది.

ఆ పాత మెషిన్ ఆన్ కావడానికి చాలాసేపు పడుతుంది. పాస్టర్ గారు ఆగారు. సలోమి ఏడుపు కూడా ఆగింది. వాడిని ఉంచిన పెట్టె పక్కన నిలబడి, ఆ చిన్న లైటు ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తున్నాను. కొత్తదయితే టక్కున వస్తాది మావా అని వాడు అంటూ ఉండేవాడు.

లైటు వెలిగింది. కాలు పెట్టి నొక్కాను.

వాడి సౌండే వచ్చింది. అలాగే, మెత్తగా, దూరం నుంచి.

వీధి వీధంతా అక్కడే ఉంది. అప్పాయమ్మ గారు నాకు ఎదురుగానే నిలబడి ఉంది.

ఎవులు అని ఎవరూ అడగలేదు.

నిమ్మళంగా పడుకో మావా. సూదులూ వాపులూ లేని చోట ప్రభువు నిన్ను దగ్గర పెట్టుకోవాలి.