నాణెంతో తట్టే మామగారు

మామగారికి ఒకటే పిచ్చి. కంటబడిన ప్రతి వస్తువునూ నాణెంతో తట్టి, చెవి ఆనించి వింటారు. విమాన భాగాల కార్ఖానాలో ముప్పయ్యేళ్ళపాటు అతుకులు ఊడాయో లేదో అలా తట్టే కనిపెట్టేవారు. రిటైరయ్యాక కార్ఖానాను వదిలారు గానీ నాణేన్ని వదల్లేదు. తలుపులు, బల్లలు, బకెట్లు, ఒకసారి పళ్ళ డాక్టరుగారి కుర్చీ. పెళ్ళిమాటలకు వచ్చిన రోజున కాబోయే అల్లుడి హెల్మెట్‌ను తట్టి, "ఇది గట్టిదే" అన్నారు. తల సంగతి ఎత్తలేదు. అల్లుడికి ఆ అనుమానం ఇప్పటికీ ఉంది.

ఆ అల్లుడికో కార్బన్ సైకిలుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కార్బన్‌ది, దాని అడుగున ఇరుసు కూర్చునే ముక్క లోహంది. రెంటినీ కలిపి ఉంచేది జిగురే. ఒక బుధవారం మామగారు ఫోర్కును పైనుంచి తట్టుకుంటూ వచ్చారు. టంగ్, టంగ్, టంగ్... టప్.

"జిగురు వదిలేసింది, అల్లుడూ. ఆదివారం కొండ దిగుతానన్నావుగా, మూతి పగులుతుంది. నాకిచ్చెయ్."

"మీకెందుకు శ్రమ, మామయ్యా! నేను మూడు వీడియోలు చూశాను."

నాలుగోది కూడా చూసుంటే పాత జిగురు గీకాలని తెలిసేది. అల్లుడు పాతదాని మీదే కొత్తది దట్టించాడు. కొంత లోపలికి వెళ్ళింది, కొంత బయటికి కారి మీసంలా గడ్డకట్టింది, మిగిలింది అతని రెండు వేళ్ళను కవలల్ని చేసింది. మర్నాడు ఆ వేళ్ళు ఊపుతూనే ఆఫీసులో ఆరుగురికి తన పనితనం వర్ణించాడు.

సాయంత్రం మామగారు మళ్ళీ తట్టి విన్నారు. "ఆరనివ్వు. ఆదివారం దాకా ముట్టుకోకు" అన్నారంతే. ఆ రెండు రోజులూ వెనక గదిలో ఒకటే టకటకలు. పాపం, పనీపాటా లేని పెద్దాయన అని అల్లుడు జాలిపడ్డాడు.

ఆదివారం కొండ మలుపులో కుక్క అడ్డొచ్చింది. అల్లుడు బ్రేకు నొక్కేసి కళ్ళు మూసుకున్నాడు. ఫోర్కు కిక్కురుమనలేదు. ఛాతీ విరుచుకుని ఇల్లు చేరాడు.

"చూశారా మామయ్యా, నా చేతిపని!"

"భేష్, అల్లుడూ!"

భార్య ఉండబట్టలేకపోయింది. చెత్తడబ్బాలోంచి జిగురు పెళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇదీ మీ చేతిపని. నాన్న లాగితే పుటుక్కున ఊడొచ్చింది. రెండువైపులా గీకి, గరుకు చేసి, తుడిచి, మళ్ళీ అతికించారు."

"మరి నేను కార్చిన మీసం అలాగే ఉందే!"

"అదీ నాన్నే పూశారు. మీరు ఆఫీసులో ఆరుగురికి చెప్పుకున్నారని నాన్నతో నేనే అన్నాను. మీ మాట పోకూడదట."

ఆ మలుపు గుర్తొచ్చి అల్లుడు ఫోర్కును మరోసారి తడిమి చూసుకున్నాడు. సిగ్గూ, అంతకు మించిన ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. "నన్ను నేను మెచ్చుకోవడానికి కూడా మీ సాయం కావాల్సొచ్చింది, మామయ్యా" అన్నాడు.

మామగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

"అతికించడం ఎంతసేపయ్యా, అరగంట. నీ పూతకు నకలు దింపడానికే మూడుసార్లు చెరిపాను. అంత వంకరగా నా చెయ్యి తిరిగితేనా!"