ఏడో నంబరు మీద నేనిచ్చిన తీర్పు

నాకు నోటి దురద ఎక్కువ. మా ఆవిడ పెళ్లయిన వారానికే ఈ మాట అంది, ఇప్పటికీ అంటూనే ఉంది. ఆ దురద ఒక మనిషికి ఏం చేసిందో మాత్రం ఆమెకు కూడా చెప్పలేదు.

తొంభైల చివర్లో అనంతపురంలో నాకొక మోటారు వైండింగ్ షాపు ఉండేది, సరిగ్గా కాలేజీ గ్రౌండు గోడకు ఎదురుగా. వానల్లేని ఏళ్లవి. బోర్లలో నీళ్లు అడుగంటిపోయి, మోటార్లు ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోయేవి. నాకు చేతినిండా పని. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి షట్టరు సగం దించి, జేబులో చెనిక్కాయలు పోసుకుని, ఆ గోడెక్కి కూర్చునేవాణ్ణి. ఊరంతా క్రికెట్టు పిచ్చిలో ఉంటే నాకు ఫుట్‌బాల్ పిచ్చి. నేను ఆడింది ఒక్క ఏడాదే. మోకాలు విరగ్గొట్టుకుని మానేశాను. ఆడడం మానేశాక నోరు లేచింది.

అసలు దాన్ని గ్రౌండు అనడమే తప్పు. వెతికినా గడ్డిపరక కనిపించదు. గరుసు మట్టి, దాని నిండా గులకరాళ్లు. బంతి ఎక్కడ పడినా నిలువెత్తు ఎగిరేది. నేల మీద దొర్లిస్తే ఏదో ఒక రాయి తగిలి పక్కకు పోయేది. అందుకని మా కాలేజీ జట్టు కుర్రాళ్లంతా బంతిని పైకి లేపి కొట్టేవారు, అది పడి లేచేదాకా ఆగి తలతోనో ఛాతీతోనో అందుకునేవారు. నాకు తెలిసిన ఫుట్‌బాల్ అదే. టీవీలో పచ్చటి గ్రౌండ్లలో ఇంకో రకంగా ఆడుతుంటే చూశాను గానీ, అది మనకు సంబంధించినదని ఎప్పుడూ అనుకోలేదు.

ఎవడికి రైల్వేలో ఉద్యోగమొస్తుంది, ఎవడు స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబులవుతాడు, ఎవడు ఇంటికిపోయి ఎనుములు తోలుకుంటాడు, అన్నీ ఆ గోడ మీద నుంచే తేల్చేసేవాణ్ణి. గోల్‌కీపరుకు బంతి కంటే జుట్టు ముఖ్యం, వాడు మంగలి షాపు పెట్టుకుంటే బాగుపడతాడన్నాను. రైట్ బ్యాక్ పోలీసు సెలక్షన్లకు పోతున్నానని చెబితే, "దొంగ నీ పక్కనించే పోతాడప్పా, నీకు కనపడితే కదా" అన్నాను. గోడ మీద కూర్చున్న పదిమందీ పగలబడి నవ్వారు. ఆ నవ్వులకు నాకు ఇంకా ఎక్కేది.

నేను మెచ్చుకున్నది ఒక్కణ్ణే, పదో నంబరువాణ్ణి. ఆరడుగుల పొడుగు. బంతి గాల్లో ఉంటే వాడు కూడా గాల్లోనే ఉండేవాడు. మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం కారుతున్నా తుడుచుకోకుండా లేచి పరుగెత్తేవాడు. వాణ్ణి చూస్తే నా ప్రాణం లేచొచ్చేది.

ఏడో నంబరువాణ్ణి చూస్తే ఒళ్లు మండేది. గార్లదిన్నె పక్కనున్న పల్లె నుంచి వచ్చేవాడు. బక్కపలుచని మనిషి, మాట కూడా మెల్లగా. బంతి తనకు అందిన ప్రతిసారీ నేల మీద దొర్లించేవాడు. అది రాయి తగిలి అవతలివాళ్లకు పోయేది. మళ్లీ బంతి వస్తే మళ్లీ అదే పని. ఎగిరేవాడు కాదు, కింద పడేవాడు కాదు. మూడేళ్లు వాణ్ణి తిట్టని సాయంత్రం లేదు. "ఏంరా, ఒంటికి మట్టి అంటితే మీ అమ్మ ఇంట్లోకి రానీదా?" అని అరిచేవాణ్ణి. "నేల మింద ఆడేటోడు యాడికీ పనికిరాడు రా, బంతిని లేపు!" అని గొంతు చించుకునేవాణ్ణి. వాడొకసారి నావైపు చూసి తలూపేవాడు. మరుక్షణం మళ్లీ దొర్లించేవాడు. ఆ మొండితనానికి నా కడుపు మండిపోయేది.

కాలేజీలో ఆటలు చూసే మా పీడీ సార్ కబడ్డీ మనిషి. ఫుట్‌బాల్ జట్టు ఆయన నెత్తిన పడింది అంతే. ఆయనకు ఆట సంగతి అంతగా తెలియదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నా షాపుకొచ్చి టీ తాగుతూ, ఎవణ్ణి దించాలి, ఎవణ్ణి తీయాలి అని అడిగేవాడు. నేను చెప్పిందే జట్టు. ఈ సంగతి నలుగురికీ తెలియాలని నేనే నలుగురికీ చెప్పుకున్నాను.

మూడో ఏడు ఎండాకాలం ముందు పీడీ సార్ ఒక కబురు తెచ్చాడు. బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీ జట్టు కోచ్ ఆయనకు తెలిసినవాడు. ఒక కుర్రాణ్ణి పంపమన్నాడట. సెలక్షన్లో నిలిస్తే జట్టులో చోటు, ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగం. పంపాల్సింది ఒక్కణ్ణే.

ఆ మరుసటి రోజు ఏడో నంబరు నా షాపుకొచ్చాడు. నేను ఒక మోటారు విప్పుకుని కూర్చున్నాను. గడప దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, సార్ నీ మాట ఇంటాడంట. నా గురించి ఒక్క మాట చెప్పన్నా."

"ఏమని చెప్పల్ల? రాళ్లకు బంతులిచ్చే వీరుడొకడుండాడని చెప్పనా?"

వాడు నవ్వలేదు. "మా నాయన ఈ ఏడు కాలేజీ నిలిపేసి ఇంటికి రమ్మంటాండాడన్నా. మూడేండ్లుగా చెనిక్కాయ పంట పోయింది. ఈ ఒక్కటీ తగులుకుంటే మేం గట్టెక్కుతాం. బెంగుళూర్లో గడ్డి గ్రౌండంట కదా. మా ఊర్లో కాలవ కింద గడ్డి ఉండాది, నేను నేర్చుకునింది ఆడనే. ఈ రాళ్లల్లో బంతి నా మాట ఇనదు. గడ్డి మింద ఒక్కసారి సూడన్నా నన్ను."

నేను చేతిలో ఉన్న రాగి తీగ పక్కన పెట్టి, లోపల పనిచేసేవాళ్లకు కూడా వినపడేట్టు అన్నాను. "గడ్డి కావాలంటే మీ గొర్లతో పాటు పోరా. బెంగుళూరెందుకు?"

లోపలివాళ్లు నవ్వారు. వాడు కూడా ఏదో నవ్వినట్టు మొహం పెట్టి, "సరేన్నా" అని వెళ్లిపోయాడు. అంత జరిగినా ఆ సాయంత్రం ఆటకొచ్చాడు. మళ్లీ బంతిని నేల మీదే కొట్టాడు.

పీడీ సార్ అడిగితే పదో నంబరు పేరు చెప్పాను. కాలేజీ గేటు దగ్గర వాడికి దండ వేసి పంపించాం. నేనైతే రైల్వే స్టేషన్ దాకా పోయి రైలెక్కించి వచ్చాను. నాలుగో రోజుకు వాడు తిరిగొచ్చేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బంతి లేయదన్నా ఆడ" అన్నాడు. "పడేది పడినట్ల జారిపోతాది. నేను ఎగిరేలోపల కాళ్లకింద నించి పోయింది. ఒకసారి కాదు, ఆటంతా అట్లే."

"వాళ్లకు ఆట తెల్దు లేరా" అన్నాను.

అసలు దెబ్బ రెండు రోజుల తర్వాత పడింది. పీడీ సార్ మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుతూ షాపుకొచ్చాడు. బెంగుళూరు కోచ్ ఫోన్ చేశాడట. "నేల మింద పాస్ ఇచ్చేటోడు మీ దగ్గర లేడా? ఉంటే ఈ శుక్రవారం లోపల పంపు, చోటు ఇంకా ఖాళీగానే ఉండాది అన్నాడప్పా. మన ఏడో నంబరును పంపుదామా?"

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ క్షణంలో నాకు ఏడో నంబరు కనపడలేదు, వాడి నాయన కనపడలేదు. గోడ మీద కూర్చునే పదిమంది కనపడ్డారు. మూడేళ్లు నేను తిట్టినవాడే బెంగుళూరుకు పోయి నెగ్గితే వాళ్లు నన్ను చూసి ఎలా నవ్వుతారో కనపడింది. నా మాట తప్పయిందని ఊరంతా అంటుందేమోనని భయమేసింది.

"వాణ్ణి పంపితే ఉన్న పరువు కూడా పోతాది సార్" అన్నాను. "అట్లాంటోడు మన దగ్గర లేడని చెప్పేయండి."

ఆయన తల గోక్కుని, "నీకు తెలిసినంత నాకు తెల్దు కదప్పా" అన్నాడు. శుక్రవారం వచ్చింది, పోయింది.

ఆ తర్వాతి వారం ఏడో నంబరు మళ్లీ వచ్చాడు. ఈసారి షాపు లోపలికి కూడా రాలేదు. రోడ్డు మీద సైకిలు పట్టుకుని నిలబడే అడిగాడు.

"బెంగుళూరోళ్లు ఇంకెవరినీ అడగలేదా అన్నా?"

"లేదు" అన్నాను.

"నేల మింద ఆడేటోళ్లను ఎవురూ తీసుకోరేమో కదన్నా."

"మూడేండ్ల నించి అదే కదరా మొత్తుకుంటాండేది" అన్నాను. ఛీ, ఏం నోరది! అబద్ధం మీద అబద్ధం, అదీ తిట్టినట్టే. వాడు సైకిలెక్కి వెళ్లిపోయాడు. పరీక్షలకు కూడా రాలేదు.

ఆ తర్వాత గోడెక్కడం తగ్గించాను. ఎక్కినా నోరు మునుపటంత లేవలేదు. పీడీ సార్‌కు ట్రాన్స్‌ఫరయింది. పదో నంబరు చివరికి ఆర్టీసీలో కండక్టరయ్యాడు. వాడి బస్సెక్కితే నాకు సీటు చూపించేవాడు. ఏడో నంబరు కబురు మాత్రం తెలియలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆరేడేళ్లు గడిచాయి. ఒక రైతు తన బావి మోటారు స్టార్టరు మొరాయిస్తోందని, విప్పి తేలేనని, నన్నే రమ్మని బతిమాలాడు. గార్లదిన్నె దాటాక ఏ పల్లెకు తీసుకుపోతున్నాడో అర్థమైంది. పని గంటలో అయిపోయింది. టీ తెస్తానని అతను ఇంటికి పోతే, నేను కాలువ గట్టెక్కాను.

గట్టు కింద, కాలువ ఊటకు పెరిగిన పచ్చిక. గొర్రెలు మేసి మేసి నున్నగా, సమానంగా చేసి పెట్టాయి. చుట్టూ ఎటు చూసినా ఎండిన నేల, మధ్యలో ఆ పచ్చటి పట్టీ. డజను మంది పిల్లలు ఆడుతున్నారు. మధ్యలో లుంగీ ఎగగట్టుకుని, కొంచెం పొట్టతో ఒక మనిషి. నడక చూసి గుర్తుపట్టాను.

బంతి అతని దగ్గరకొచ్చింది. అరికాలితో ఆపాడు. తలెత్తకుండానే తోశాడు. అది పిల్లల కాళ్ల మధ్య నుంచి, ఎవరికీ తగలకుండా, ఒక్క గెంతు కూడా వేయకుండా, నలభై అడుగుల అవతల పరుగెత్తుతున్న పిల్లవాడి పాదం ముందుకు పోయి ఆగింది. పాతికేళ్లుగా ఫుట్‌బాల్ చూస్తున్నాను, అంత అందమైన పాస్ కళ్లారా చూడలేదు. మూడేళ్లు వీడు మా రాళ్లలో చేయబోయింది ఇదా అనుకున్నాను.

ఆ బంతి అందుకున్న పిల్లవాడు కూడా అచ్చం అలాగే నేల మీద ఇంకొకడికి తోశాడు. వెంటనే అతని ఈల మోగింది.

"ఒరేయ్! ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? నేల మింద ఆడేటోడు యాడికీ పనికిరాడు. లేపు బంతిని!"

"నువ్వూ ఇప్పుడు అట్లనే కొట్టినావు కదన్నా?"

"నేనట్ల ఆడే చెడిపోతి. మీరు చెడిపోవద్దండి."

అవి నా మాటలు. పొల్లు పోకుండా నావే. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను గానీ, అప్పటికే నన్ను చూశాడు. గట్టు మీదికి పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా! బాగుండావా? ఈడికెప్పుడొస్తివి? ఒరేయ్, ఇట్ల రాండ్రా. నేను చెప్తా ఉంటినే, టౌన్లో ఫుట్‌బాల్ గురించి అన్నీ తెలిసిన అన్న, ఈయనే."

నన్ను తిడతాడేమోనని చూశాను. అలాంటిదేమీ లేదు వాడి మొహంలో. నిజంగా సంతోషపడుతున్నాడు. అదే నన్ను చంపేసింది.

"నేల మింద కూడా ఆడించరాదూ పిల్లోళ్లతో" అన్నాను. "మంచి గడ్డి ఉండాది కదా."

వాడు పకపకా నవ్వాడు. "నన్ను ఆటపట్టించేది ఇంకా మానలేదా అన్నా? ఉండు, చూపిస్తా. ఒక్కడు కూడా నా మాదిరి ఆడడు."

పిల్లల్ని వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కడే వచ్చి, ఆ నున్నటి పచ్చిక మీద నుంచి బంతిని బలమంతా పెట్టి పైకి లేపి కొట్టాడు. బంతి గాల్లోకి పోతోంది, పడుతోంది, లేవకుండా చచ్చినట్టు ఆగిపోతోంది. అది లేస్తుందని పిల్లలు ఎగిరి తలతో కొట్టబోతున్నారు, ఖాళీ గాలిలో. అచ్చం పదో నంబరువాడు బెంగుళూరులో ఎగిరినట్టు.

చెప్పాలి. బెంగుళూరువాళ్లు నీలాంటివాణ్ణే అడిగారురా, నేనే లేడన్నాను అని చెప్పాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏళ్ల తరబడి ఊరందరి మీదా లేచిన ఆ నోరు అక్కడ పడిపోయింది.

"ఎట్లుండాదన్నా?" అని అడిగాడు. పిల్లలంతా నావైపే చూస్తున్నారు. వాడు కూడా వాళ్లతో పాటే, షాపు గడప దగ్గర నిలబడ్డ రోజులాగే చూస్తున్నాడు.

"బాగుండాది" అన్నాను.

వాడి ఆటను గురించి నా నోట ఎప్పుడూ రాని మాట అది. వాడి మొహం వెలిగిపోయింది.

"ఇన్నార్రా? అన్న బాగుండాదన్నాడు!" అని పిల్లల వైపు అరిచి, గట్టు దిగి పరుగెత్తాడు. "ఇంగోసారి, ఇంకా పైకి లేపండి!"